కాలువ ఉంది, లాకులున్నాయి, నీటి మర ఎందుకు లేదు?

కర్నూలు, నంద్యాల వైపు పెరిగినవాళ్ళకి కేసీ (కర్నూలు-కడప) కాలువ గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రకి ఆనకట్ట కట్టి మళ్ళించిన నీళ్ళు కర్నూలు ఊళ్ళోనే హంద్రీ మీద అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) దాటి, నంద్యాల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకి పైగా వస్తాయి. మొదట దీన్ని తవ్వించింది సర్కారు కూడా కాదు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని, ఇంగ్లండులో వాటాలు అమ్మి డబ్బు పోగేసుకున్న కంపెనీ, 1860లలో తవ్వించింది. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకి 5 శాతం వడ్డీ ఇస్తామని సర్కారు హామీ, అంటే కట్టేది మన పన్నుల్లోంచే (ఇలాంటి బేరం నాకెవరైనా కుదిర్చితే నేనూ రెండు కాలువలు తవ్విస్తా). పొలాలకి నీళ్ళతో పాటు పడవలు కూడా నడవాలని వాళ్ళ ప్లాను, అందుకే దారి పొడుగునా లాకులు (పడవల్ని ఎక్కించి దించే తలుపుల తొట్లు) కట్టారు. కాలువ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మెట్టు దిగే చోటల్లా లాకు.

తీరా కాలువ తయారయ్యాక రైతులు వాళ్ళు అనుకున్నంతగా నీళ్ళు తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి వానకే పండుతుంటే నీటికి డబ్బు ఎందుకు కట్టాలి అన్నారు, సబబే కదా. కంపెనీ చేతులెత్తేసింది, 1882లో సర్కారే కొనేసింది.

నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం ఇక్కడ మొదలవుతుంది. నీళ్ళున్నాయి. కింద పడే చోట్లున్నాయి. అడిగేవాడు లేక ఏళ్ళ తరబడి ఊరికే పోయాయి. ఆ కాలువకి రెండువైపులా జొన్నరొట్టె, సంగటి తప్ప ఇంకో తిండి పెద్దగా ఎరగని ఊళ్ళు, అంటే ప్రతి ఇంట్లో ప్రతి రోజూ పిండి కావాలి. ఇదే సంగతి ఇంగ్లండులోనో ఫ్రాన్సులోనో అయితే లాకు పక్కనే ఒక నీటి మర లేచి ఉండేది. మా ఇంట్లో పెద్దవాళ్ళు తరాలుగా ఆ కాలువ గట్టునే బతికారు. వాళ్ళ మాటల్లో ఇసుర్రాయి (తిరగలి) ఉంది, డీజిలింజను మిషను ఉంది, నీటితో తిరిగే మర మాట మాత్రం లేదు.

మర కట్టడం మనకి తెలియక కాదు. దక్కన్‌లోనే, ఔరంగాబాద్‌లో (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్), పన్‌చక్కి అని ఉంది. ఎల్లోరా చూడ్డానికి వెళ్ళినవాళ్ళని ఆటోవాళ్ళు దారిలో దింపే చోటు అది, సగంమంది చేపల తొట్టి దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. బాబా షా ముసాఫిర్ అనే సూఫీ గురువు దర్గా ఆవరణలో ఉన్న మర అది, ఔరంగజేబు కాలానికీ ఆ తర్వాతి తరానికీ చెందిన కట్టడం. ఊరికి కొన్ని కిలోమీటర్ల అవతల కొండల్లో ఉన్న ఊటనీళ్ళని మట్టి గొట్టాల్లో భూమి లోపల్నుంచి తెచ్చి, ఎత్తైన గోడ మీదికి ఎక్కించి, అక్కణ్ణుంచి కిందికి వదిలారు. ఆ నీళ్ళు కింద రెక్కల చక్రాన్ని తిప్పితే దాని ఇరుసుతో పాటు పైన రాయి తిరుగుతుంది. దర్గాకి వచ్చే ఫకీర్లకి, యాత్రికులకి, ఊళ్ళో ఉన్న సైనికులకి పిండి అక్కడే ఆడేది. చక్రం పడుకోబెట్టి ఉంటుంది, మనం బొమ్మల్లో చూసే పెద్ద నిలువు చక్రం కాదు. హిమాచల్, ఉత్తరాఖండ్ వాగుల మీద ఘరాట్ అని ఇప్పటికీ కొన్ని తిరుగుతున్నాయి, అవీ ఇదే రకం. పళ్ళచక్రాలు అక్కర్లేదు, ఒక వడ్రంగి, ఒక రాళ్ళు కొట్టేవాడు ఉంటే చాలు.

అంత సులువైనది, మనకి అంత దగ్గర్లో ఉన్నది, తుంగభద్ర దాటి ఇటు ఎందుకు రాలేదు? ఎవర్ని అడిగినా మొదటి జవాబు ఒకటే: మనది కరువు సీమ, నీళ్ళెక్కడివి?

ఈ జవాబులో కొంత నిజముంది, ముందు అది ఒప్పుకుందాం. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని, పేర్లు గొప్పగా ఉంటాయి కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే. ఉన్న నీళ్ళు చెరువుల్లో. చెరువు నీళ్ళంటే మా వైపు ఎంత లెక్కగా ఉండేవాళ్ళో చెప్పాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చాలు. 1369 నాటిది, విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించింది. రెండేళ్ళ పాటు రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో రాశారు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, రాయి దగ్గర్లో దొరకాలి, కింద మంచి పొలం ఉండాలి, ఇలా. ఇంజనీరింగ్ కాలేజీలో గోడకి తగిలించాల్సిన జాబితా అది. అందులో పంట ఉంది, పనివాళ్ళున్నారు, రాజు ఉన్నాడు. మర లేదు.

సరే, నీటి మర నీళ్ళని తాగేయదు కదా. తూము దగ్గర చక్రాన్ని తిప్పి అవే నీళ్ళు పొలానికి పోవచ్చు. పొలాలకి నీళ్ళు పంచే నీరుగంటికి ఒక్క చుక్క తగ్గదు. ఇక్కడ అడ్డం వచ్చేది కాలం. తూము తీసేది ఏడాదిలో కొన్ని నెలలు, కాలువ పారేదీ అంతే. జొన్నపిండి, సజ్జపిండి మాత్రం దాచుకుంటే పాడవుతాయి, ముఖ్యంగా సజ్జపిండి, గింజలో నూనె ఎక్కువ కాబట్టి వారం పది రోజులకే చేదెక్కి వాసన కొడుతుంది. గోధుమ పిండి పీపాల్లో పోసి ఓడ ఎక్కించినట్టు సజ్జపిండిని ఎక్కిస్తే రేవు దాటేలోపే పారేయాలి. అంటే మనకి కావాల్సింది ఏడాది పొడుగునా కొంచెం కొంచెం తిరిగే మర. నాలుగైదు నెలలు జోరుగా తిరిగి మిగతా కాలం మూతపడే మరని నమ్ముకుని ఇంట్లో ఇసుర్రాయి తీసేయలేం.

ఇక్కడితో ఆపేస్తే చాలామంది తృప్తిపడతారు. నేను పడలేదు. నాలుగైదు నెలలైనా తప్పించుకోవచ్చు కదా! నాలుగైదు నెలలు తెల్లవారుజామున లేవక్కర్లేదు కదా!

ఒక చిన్న లెక్క వేద్దాం. మూడు మీటర్ల ఎత్తు నుంచి సెకనుకి 100 లీటర్ల నీళ్ళు పడుతున్నాయనుకోండి, కేసీ కాలువ ముందు ఇది పిల్లకాలువ కింద లెక్క. అందులో ఉన్న శక్తి దాదాపు 3 కిలోవాట్లు. పైనుంచి నీళ్ళు పడే చక్రానికి అందులో మూడింట రెండు వంతుల దాకా పట్టుకునే సత్తా ఉందని, కింద నుంచి తోసే చక్రం అందులో సగం కూడా పట్టలేదని, జాన్ స్మీటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చిన్న నమూనాలు కట్టి కొలిచి 1759లో చెప్పాడు. మన చక్రం నాసిరకంది అనుకుని 1800 వాట్లే లెక్కేద్దాం. మనిషి ఆపకుండా గంటల తరబడి చేయగలిగిన పని 75 వాట్లు, అదీ బలమైన మనిషి. అంటే ఆ చిన్న మడుగు దగ్గర కూర్చున్న మర ఇరవైనాలుగు మంది ఆడవాళ్ళ చేతుల పని చేస్తుంది, పైగా రాత్రీ పగలూ.

ఆ ఇరవైనాలుగు మందిలో మా అవ్వ ఒకతె. నాకు గుర్తున్నప్పటికి ఊళ్ళో మిషను వచ్చేసింది, అయినా పప్పులు పగలగొట్టడానికి, కొర్రలు, ఉలవలు పట్టడానికి ఇసుర్రాయి పంచలో ఉండేది. నేను తిప్పబోతే రెండు చుట్లకే భుజం పట్టేసేది. "చేత్తో కాదు మే, నడుముతో తిప్పాల" అనేది అవ్వ. కాలు చాపి, రాయిని తొడకి ఆనించుకుని, ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో గుప్పెడు గుప్పెడు గింజలు. కోడి కూయకముందే మొదలు. ఎదురుగా ఇంకొకరు కూర్చుని పిడి పట్టుకుంటే బరువు తగ్గుతుంది, అందుకే తోడికోడళ్ళకి ఎంత పడకపోయినా ఇసుర్రాయి దగ్గర మాత్రం జత కుదిరేది. తిరగలి పాటలన్నీ పుట్టింది అక్కడే. ఆ పాటల్ని ఇప్పుడు జానపద సంపద అంటున్నాం, పుస్తకాలు వేస్తున్నాం, మంచిదే, కానీ అవి నిద్ర ఆపుకోవడానికి పాడినవి అని కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండు వేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు కవి, విసిరే ఆడవాళ్ళారా, ఇక కోడి కూసినా పడుకోండి, మీ పని జలదేవతలు చేస్తున్నారు అని రాశాడు, నీటి మర కొత్తగా వచ్చిన రోజుల్లో. మనకి ఆ పద్యం రాయాల్సిన అవసరం పడలేదు.

నా మటుకు నాకు అసలు కారణం ఇదే. మర కట్టాలంటే డబ్బు కావాలి. రాయి, చక్రం, కాలువ చీల్చడం, ఏటా బురద తీయించడం, ఇవన్నీ ఖర్చు. ఆ ఖర్చు పెట్టేవాడికి ఏం మిగులుతుంది? ఇంట్లో ఆడమనిషి ఊరికే చేస్తున్న పనికి బయట ఎవడు డబ్బు ఇస్తాడు? ఖర్చు లేని పనికి యంత్రం రాదు. మిగతా దేశాల్లో నీటి మర చరిత్ర తిరగేస్తే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే ఎక్కడ చూసినా ఆడవాళ్ళ నడుము నొప్పి చూసి జాలిపడి మర కట్టినవాడు కనపడడు. కట్టినవాడికి అందులో ఆదాయం ఉంది.

ఇంగ్లండు సంగతే చూడండి. 1086లో రాజు దేశమంతా ఆస్తుల లెక్క రాయిస్తే సుమారు 6,000 మరలు తేలాయి, అప్పటి ఇంగ్లండు జనాభా చూస్తే ఇది చాలా పెద్ద సంఖ్య. రాజుగారి మనుషులు వాటిని ఎందుకు లెక్కపెట్టారు? పన్ను కోసం. మర జమీందారుదో మఠానిదో. రైతు గింజలు తెచ్చి అక్కడే ఆడించుకోవాలి, అందులో ఒక వంతు మరకి వదిలేయాలి. మరి రైతు ఇంట్లో విసురుకుంటే? అక్కడే గొడవ. సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో మఠాధిపతి 14వ శతాబ్దంలో జనం ఇళ్ళల్లోని ఇసుర్రాళ్ళన్నీ లాక్కొచ్చి మఠంలో తన గదికి నేల పరిపించాడు, మనం కడప బండలు పరిపించుకున్నట్టు. జనం మర్చిపోలేదు. 1381లో రైతుల తిరుగుబాటు లేచినప్పుడు మఠంలోకి దూరి ఆ నేల పగలగొట్టి, రాతిముక్కలు తలా ఒకటి ఇంటికి పట్టుకుపోయారు. తాతల నాటి రాయి ముక్క కోసం! ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అక్కడ కోపం మర మీద కాదు, చేతిలో ఉన్నది లాక్కుని దాని మీద సంపాదించినవాడి మీద.

అమెరికాలోనూ అంతే. జార్జి వాషింగ్టన్‌కి పెద్ద నీటి మర ఉండేదని మా చిన్నాన్న కొడుకు చెప్పేదాకా నాకు తెలీదు. వాడు వర్జీనియాలో ఉంటాడు, చుట్టాలొస్తే తీసుకెళ్ళే చోట్లలో అదొకటంట. పొగాకు లాభం లేదని వాషింగ్టన్ 1760లలో గోధుమకి మారాడు, ఆ గోధుమని పిండి చేసి అమ్మితే ఎక్కువ వస్తుందని 1770, 71లలో డోగ్ రన్ అనే వాగు మీద రాతి మర కట్టించాడు. చుట్టుపక్కల రైతుల మొక్కజొన్న ఆడటానికి ఒక జత రాళ్ళు, ఎగుమతి గోధుమ పిండికి ఫ్రాన్సు నుంచి తెప్పించిన రాళ్ళు ఇంకో జత. పీపాలు వెస్టిండీస్ దీవుల దాకా పోయేవి. 1791లో ఆలివర్ ఎవాన్స్ అనే ఆయన కనిపెట్టిన కొత్త పద్ధతి పెట్టించాడు: చిన్న చిన్న డబ్బాల పట్టీ ధాన్యాన్ని పై అంతస్తుకి ఎత్తుతుంది, గొట్టంలో తిరిగే స్క్రూ దాన్ని అడ్డంగా తోస్తుంది, దంతెలాంటి ఒక పళ్ళచట్రం వేడి పిండిని పరిచి చల్లారుస్తుంది, మనిషి మూట మోయక్కర్లేదు. దాని పేటెంటు అమెరికా ఇచ్చిన మూడోది, 1790లో, సంతకం పెట్టింది అధ్యక్షుడిగా వాషింగ్టనే. ఇంత తెలివైన మర, అందులో పీపాలు చేసినవాళ్ళు, పిండి పట్టినవాళ్ళలో చాలామంది ఆయన బానిసలు. పాత మర 19వ శతాబ్దంలోనే పోయింది, ఇప్పుడున్నది 1930లలో మళ్ళీ కట్టింది, ఈ రోజుకీ తిరుగుతుంది.

వాడు పంపిన వీడియోలో నన్ను పట్టేసింది మాత్రం చక్రం కాదు. ఒకాయన రాయిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఉలితో అందులో గాళ్ళు (చాళ్ళలాంటి గీతలు) కొడుతున్నాడు. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, రెండిటి మధ్య సందు కాగితం మందం ఉండాలి, తగిలితే నిప్పు, ఎక్కువైతే రవ్వ. గాళ్ళు అరిగిపోతే పిండి నలగదు, వేడెక్కి మాడుతుంది. "రోళ్ళకి, ఇసుర్రాళ్ళకి కక్కు కొడతామమ్మా" అని మా వీధుల్లో తిరిగినవాళ్ళు చేసింది అచ్చంగా అదే పని. అన్నట్టు ఇంత బండల జిల్లాలో పుట్టి కూడా ఇసుర్రాయికి మన కడప బండ, బేతంచెర్ల బండ పనికిరావు, అవి సున్నపురాయి, మెత్తన. గ్రానైటే కావాలి.

మా వైపు మర వచ్చింది చివరికి ఇంజనుతో. వేరుశనగ వచ్చాక నూనె మిల్లులు, కాయ వొలిచే మిషన్లు వచ్చాయి, ఆదోని వైపు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగులు. ఒకసారి ఇంజను కొన్నవాడికి ఇంకో బెల్టు తగిలించి పక్కన రెండు రాళ్ళు పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు. అప్పటికి చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్ళు పెరిగారు, కూలికి పోయే ఆడవాళ్ళకి తెల్లవారుజాము రెండు గంటలంటే డబ్బే. అప్పుడు లెక్క మారింది. తర్వాత కరెంటు మోటార్లు. ఆ కరెంటులో కొంత శ్రీశైలం నుంచి వస్తుంది, కుడిగట్టు పవర్‌హౌస్ ఒక్కటే 770 మెగావాట్లు, కాబట్టి మా ఊరి జొన్నల్ని కృష్ణ నీళ్ళే విసిరాయని ఎవరైనా అంటే కాదనను, కొంచెం చుట్టు తిరిగి వచ్చాయంతే.

నాకు నవ్వొచ్చేది ఇంకొకటి. ఇన్ని వందల ఏళ్ళు ఇసుర్రాయి మగవాడు ముట్టుకోలేదు. అదే పనికి బెల్టు తగిలి, కేజీకి ఇంత అని రేటు వచ్చేసరికి మిషను దగ్గర నిలబడ్డది మగవాడు. పిండి తెల్లగా పట్టిన కనుబొమలతో, బీడీ చెవిలో పెట్టుకుని, "ఇంకా అర్ధగంట పడ్తాది పోమ్మా" అంటాడు. మా అమ్మకి వాడి మీద ఎప్పుడూ అనుమానం, మన సంచిలోంచి గుప్పెడు దోచుకుంటాడని. ఇంగ్లండు పల్లెల్లోనూ మరవాడంటే దొంగ అనే పేరేనంట, ఈ విషయంలో మాత్రం ప్రపంచమంతా ఒకే మాట మీద ఉంది.

ఆ మిషను ఇప్పటికీ నడుస్తోంది, వాళ్ళబ్బాయి నడుపుతున్నాడు. గిరాకీ తగ్గింది, ప్యాకెట్ పిండి వచ్చింది, డబ్బున్న ఇళ్ళల్లో వాషింగ్ మెషిన్ అంత పిండి మిషన్లు వచ్చాయి, వాటి దగ్గర మళ్ళీ నిలబడేది ఎవరో చెప్పక్కర్లేదు. అయినా జొన్నరొట్టె సాగాలంటే అప్పుడే ఆడించిన పిండే కావాలి, ప్యాకెట్ పిండితో చేస్తే తట్టగానే అంచులు పగులుతాయి. వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, రాళ్ళు చల్లగా ఉంటాయి. మిరపకాయలు ఆడించే రోజు ఏదో కనుక్కుని మరీ వెళ్ళండి, ఆ తర్వాత మొదటి సంచి మీదైతే రొట్టెలోకి వేరే కారం అక్కర్లేదు.